ఇరుసులో విసుర్రాయి

మీరు నమ్మాలని చెప్పడం లేదు. నమ్మకపోతే నాకు పోయేదేమీ లేదు. కానీ ఇందులో నా బిడ్డ పేరు ఉంది. ఆ పేరు నోట పెట్టుకుని నేను అబద్ధం చెప్పను. అంతవరకు నమ్మితే చాలు.

ఇప్పుడు నెల్లూరు వీధుల్లో సైకిళ్లు చాలానే తిరుగుతున్నాయి. రబ్బరు చక్రాలు, గంట. మెత్తగా పోతాయి. నేను ఆ రాత్రి తొక్కింది అలాంటిది కాదు. ధాత కరువు మరుసటి ఏడు, ఈశ్వర నామ సంవత్సరంలో, ఉదయగిరి దగ్గర రోడ్డు పని చేయించడానికి ఒక కుర్ర దొర వచ్చాడు. మద్రాసు నుంచి తెచ్చుకున్నాడు దాన్ని. చెక్క చక్రాలు. వాటికి ఎద్దుబండికి ఉన్నట్టే ఇనుప పట్టాలు. గొలుసు లేదు. ముందు చక్రం ఇరుసుకే తొక్కుడు పలకలు బిగించి ఉండేవి. గతుకు వస్తే దవడల దాకా అదిరేది. జనం దాన్ని దొర గుర్రం అనేవాళ్లు.

అంతకు ముందు నేను ఉదయగిరిలో వీధిబడి పంతులిని. కరువులో పిల్లలు రావడం మానేశారు. కొందరు ఊరు వదిలిపోయారు. కొందరు... సరే. బడి మూసేశాను. నేనూ నా భార్య చెంగమ్మా రోడ్డు పనికి వెళ్లాం. కంకర కొట్టే పని. సాయంత్రానికి కుప్ప కొలతకు వస్తేనే కూలి.

విసుర్రాయి సంగతి ఇక్కడే చెప్పాలి. అది తెలియకపోతే తర్వాతది అర్థం కాదు.

ఆ ఏడు మా వీధిలో ఏ ఇంట్లోనూ గింజలు లేవు. అయినా పొద్దుగూకేసరికి ఇంటింటా విసుర్రాయి తిరిగేది. ఖాళీగా. మన ఇంట్లో ఏమీ లేదని పక్కింటికి తెలియకూడదని కొంత. పిల్లల కోసం కొంత. పిండి అవుతోంది, కూడు వస్తుంది అనుకుంటూ వాళ్లు ఎదురుచూసేవాళ్లు. ఎదురుచూస్తూ నిద్రపోయేవాళ్లు. గింజలు పోసిన రాయి చప్పుడు మెత్తగా ఉంటుంది. ఖాళీ రాయిది అలా ఉండదు. రాతి మీద రాయి. గర్ర్... గర్ర్... వినగానే తెలిసిపోతుంది. అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

చెంగమ్మా తిప్పేది. మా పెంచలమ్మ ఆ రాయి పక్కనే పడుకునేది. చిన్నపిల్ల. కింది రాతి మీద అరచెయ్యి పెట్టుకుని, ఆ అదురు వింటూ నిద్రపోయేది. చెంగమ్మ చేతికి అప్పటికి రెండే గాజులు. మిగతావి కంకర కొట్టేటప్పుడు పగిలాయి. రాయి ఒక చుట్టు తిరిగేసరికి ఆ రెండు గాజులూ కొయ్య పిడికి తగిలేవి. గర్ర్... టిక్. గర్ర్... టిక్.

ఒక సాయంత్రం మా కుప్ప కొలతకు కొంచెం తక్కువ పడింది. చెంగమ్మ ఇంటికి పోయి విసుర్రాయి నెత్తిన పెట్టుకొచ్చింది. సుత్తితో పగలగొట్టి కుప్పలో కలిపింది.

"గింజలొచ్చినప్పుడు ఇంకోటి కొట్టిచ్చుకుందాంలే" అంది నాతో.

అలా చేసింది ఆమె ఒక్కతే కాదు. ఆ రోడ్డు కంకరలో ఎన్ని ఇళ్ల విసుర్రాళ్లు ఉన్నాయో చెప్పలేను.

ఆ నెలలోనే ఆమె జ్వరంతో పోయింది. ముత్తైదువ కాబట్టి గాజులతోనే పూడ్చాం. బిడ్డను చూసుకునేవాళ్లు లేక ఆత్మకూరులో మా వదిన సుబ్బమ్మ దగ్గరికి పంపాను. చెంగమ్మకు అక్క ఆమె. ఆత్మకూరు చెరువు పనిలో ఉండేది. అక్కడ రోజుకొక పూట గంజి దొరికేది.

నేను చదవడం వచ్చినవాణ్ణని తెలిసి దొర నన్ను కంకర దగ్గర నుంచి లేపాడు. తెలుగు చెప్పమన్నాడు. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు ఆయనది. అలాగే మాట్లాడేవాడు. పొద్దుపోక నాకు సైకిలు నేర్పాడు. నేను పడుతుంటే కూలీలు పని ఆపి చూసేవాళ్లు.

ఆ దొరకు ఒక పిచ్చి ఉండేది. బండిలో ఎక్కడి నుంచి వస్తోందో తెలియని చప్పుడు వినిపిస్తే ఆయనకు నిద్ర పట్టేది కాదు. నన్ను ఎక్కించి తొక్కమనేవాడు. తాను పక్కన వంగి, చెవి పెట్టి పరిగెత్తేవాడు.

"పంతులూ, చప్పుడు వినబడిన చోట దోషముండదు. ఒకటి తీయుము. వినుము. మరియొకటి తీయుము. వినుము."

ఆ పద్ధతి నాకు బాగా వంటబట్టింది. చక్రంలో లోపమైతే చుట్టుకు ఒకసారి చప్పుడు వస్తుంది. వేగం పెంచితే చప్పుడూ వేగం పెంచుతుంది. పలకల లోపమైతే కాళ్లు ఎత్తేయగానే ఆగుతుంది. సీటు లోపమైతే మనిషి దిగగానే ఆగుతుంది. చప్పుడు ఏదైనా ఈ దారుల్లో ఒకదానికి లొంగాలి.

ఒక మధ్యాహ్నం ఆత్మకూరు వైపు నుంచి ఒక కూలీ వచ్చాడు. కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము.

"పంతులా, మీ వదిన చెప్పమనింది. పాపకు వాంతులు, బేదులు. బిన్నా, ఉన్నపళంగా రమ్మనింది."

"ఎప్పటినుంచి?"

"నేను బయల్దేరేటప్పటికే రెండో దినం. నేను నడిచొచ్చేసరికి ఇంక..." వేళ్లు మడిచి లెక్కపెట్టబోయాడు. నా ముఖం చూసి ఆపేశాడు.

ఎద్దులు లేవు. బండి లేదు. నడిస్తే మర్నాటికి కూడా చేరను. దొర లోపలికి పోయాడు. సైకిలు బయటికి తెచ్చాడు. వాంతులు కట్టే మందు చిన్న సీసాలో ఇచ్చాడు. ఆముదం పోసిన లాంతరు హ్యాండిలుకు కట్టాడు.

"వేగముగా పొమ్ము. పడకుము" అన్నాడు.

పాప బతికి ఉండగా చేరాలి. మందు గొంతులో పడాలి. నాకు ఇంకే ఆలోచనా లేదు.

ఉదయగిరి కొండ వెనక పడింది. కొత్త రోడ్డు మీద పోతున్నాను. మేము కంకర కొట్టి వేసిన రోడ్డే. పొద్దు వాలుతోంది. అప్పుడు మొదలైంది.

గర్ర్...

మొదట పట్టించుకోలేదు. కంకర మీద ఇనుప పట్టా. చప్పుడు రాక మానుతుందా. కానీ ఆ గడగడ వేరు. దాని కింద ఇంకొకటి ఉంది. సన్నగా, నిదానంగా.

గర్ర్... టిక్.

ఆకు వదులైందేమో అనుకున్నాను. చక్రం ఆకు. అది ఊడితే చక్రం కూలుతుంది. చక్రం కూలితే నడకే. ఆగాను. ఆకులన్నీ పట్టి లాగి చూశాను. గట్టిగా ఉన్నాయి. మళ్లీ ఎక్కాను.

గర్ర్... టిక్. గర్ర్... టిక్.

కొత్త రోడ్డు దుత్తలూరు చేరకముందే అయిపోతుంది. తర్వాత పాత బండ్ల బాట, మట్టి. రాళ్ల చప్పుడే అయితే ఇక్కడ ఆగాలి. గడగడ ఆగింది. చక్రాలు మట్టిలో మెత్తగా పోయాయి.

గర్ర్... టిక్.

ఇప్పుడు ఇంకా స్పష్టంగా వినిపించింది. అడ్డం వచ్చే చప్పుడు లేదు కదా.

చీకటి పడింది. ఊళ్లు వచ్చాయి, పోయాయి. ఏ ఊళ్లోనూ కుక్క మొరగలేదు. కుక్కలు లేవు. కొన్ని ఇళ్లకు తలుపులు కూడా లేవు. ఎవరో పొయ్యిలోకి వాడుకుని ఉంటారు. లాంతరు వెలుగు ఆ గుమ్మాల్లోకి పడి వెనక్కి వచ్చేది.

దొర చెప్పిన పద్ధతి పట్టాను. ఒక పల్లం వచ్చింది. రెండు కాళ్లూ ఎత్తేశాను. పలకలు వాటంతట అవి తిరిగాయి. చప్పుడు ఆగలేదు. పలకలు కావు. దిగి, బండిని నెడుతూ నడిచాను. చప్పుడు ఆగలేదు. సీటు కాదు. ముందు చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పాను. నిశ్శబ్దం. వెనక చక్రం తిప్పాను. నిశ్శబ్దం. దించి నెట్టాను...

గర్ర్... టిక్.

ఇక మిగిలింది ఇరుసు. బరువు పడితేనే మోగే లోపం ఇరుసులోనే ఉంటుంది. ఎండిపోయిందేమో. నా దగ్గర ఉన్న నూనె లాంతరులోదే. వింజమూరు దాటాక ఒక బండ పక్కన ఆగాను. కాసేపు ఆలోచించాను. వెలుగు కావాలా, చక్రం కావాలా. లాంతరు ఆర్పాను. అందులో ఉన్న ఆముదమంతా రెండు ఇరుసుల్లోనూ పోశాను.

చీకట్లో ఎక్కాను. వెన్నెల ఇంకా రాలేదు. తెల్లటి దుమ్ము చారే దారి.

నాలుగు తొక్కులు తొక్కాను. ఏమీ లేదు. ఊపిరి వదిలాను.

గర్ర్...

ఆలస్యమవుతోందన్న కోపంతో బలంగా తొక్కాను. చక్రాలు రెండింతలు తిరిగాయి. గాలి చెవుల్లో హోరుమంది. చప్పుడు వేగం పెంచలేదు.

మళ్లీ చెబుతున్నాను. చక్రం రెండు మూడు చుట్లు తిరిగేలోపు చప్పుడు ఒక్కసారే వచ్చింది. నెమ్మదిగా తొక్కాను. అప్పుడూ అంతే నిదానం. ఒకే నడక. పని అలవాటైన చెయ్యి ఎలా తిప్పుతుందో అలా. తొందర లేకుండా. టిక్... టిక్...

సైకిల్లో అలాంటి చప్పుడు ఉండదు. ఉండకూడదు. అది నాకు అక్కడే తెలిసింది. కానీ తెలిసినదాన్ని లోపలికి రానివ్వలేదు. పాప దగ్గరికి పోవాలి. తొక్కాను.

అనుమసముద్రంపేటలో దర్గా దగ్గర దీపం కనిపించింది. అరుగుల మీద జనం పడుకుని ఉన్నారు. పక్కన ఒక పాక. దాని ముందు నీళ్ల కుండలు, ఒక ముసలి సాయిబు. దర్గాకు వచ్చేవాళ్లకు నీళ్లు పోసేవాడు. మేలుకునే ఉన్నాడు.

"ఎవురది? ఏందది నీ కింద?"

"బండి సాయిబూ. నీళ్లు కావాల."

పోశాడు. నేను తాగుతుంటే బండి చుట్టూ తిరిగాడు. చక్రాన్ని వేలితో మీటాడు.

"ఎద్దులు యాడబోయినాయి?"

"దీనికి ఎద్దులుండవు. మనిషే తొక్కాల."

"అట్టనా. మనిషినే కట్టినారన్న మాట. నిజమేలే. ఎద్దులకంటే మనుషులే చౌక గదా ఈ ఏడు."

నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

"సాయిబూ, ఒక సాయం చెయ్యి. నేను ఈడ ఒక చుట్టు తొక్కుతా. చప్పుడు యాడ్నించి వస్తాండాదో చెవి పెట్టి చెప్పు."

"యాడికి పోవాల నువ్వు?"

"ఆత్మకూరు. బిడ్డకు బాగలేదు."

"మరి ఈడ చుట్లేంది? పోరాదా."

"దారిలో చక్రం ఇరిగితే పోలేను గదా."

ఆయన కళ్లు మూసుకుని తల వంచాడు. నేను కుండల చుట్టూ తొక్కాను. నాకు వినిపిస్తూనే ఉంది. అరుగు మీద పడుకున్నవాళ్లు లేస్తారేమో అనిపించేంత స్పష్టంగా.

"ఇనుము గడగడలాడతాండాది. చెక్క కిర్రుమంటాండాది. అంతే" అన్నాడు ముసలాయన. "ఇరిగే చప్పుడు కాదు. ఇంక యాడా ఆగబాక. పో."

కొంచెం ప్రాణం కుదుటపడింది. లోపం నా చెవుల్లోనే అన్న మాట. అలసట. ఆకలి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. మలుపు తిరుగుతున్నాను. వెనక ముసలాయన పాకలోకి చూసి తన భార్యతో అంటున్నాడు.

"ఇన్నావా? ఎవురింట్లోనో ఇసురుతాండారే. గింజలు యాడ దొరికినాయో ఏమో, పుణ్యాత్ములు."

లోపల నుంచి ముసలామె గొంతు వచ్చింది.

"నీకు చెవులు పోయినాయి. ఉత్త రాయది."

నేను ఆగలేదు. వెనక్కి చూడలేదు. తొక్కాను. చేతులు హ్యాండిలును వదలడం లేదు.

అప్పటికి చంద్రుడు పైకి వచ్చాడు. రెండు పక్కలా బీడు. ఎక్కడో తాటాకులు రాసుకుంటున్నాయి. వెన్నెల్లో నా నీడ, బండి నీడ పక్కన పోతున్నాయి. రెండే నీడలు. లెక్కపెట్టుకున్నాను. రెండే.

గర్ర్... టిక్.

ఇక తట్టుకోలేకపోయాను. దారి మధ్యలో ఆగాను.

నేను ఆగాను. చక్రం ఆగింది. పట్టా కింద ఒక గులకరాయి పగిలి, అదీ ఆగింది.

చప్పుడు ఆగలేదు.

గర్ర్... టిక్.

నెమ్మదిగా దిగాను. బండిని దారి మీద పడుకోబెట్టాను. రెండు అడుగులు వెనక్కి వేశాను. ముందు చక్రం కదలడం లేదు. వెన్నెల్లో ఆకులన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

గర్ర్...

మోకాళ్ల మీద కూర్చున్నాను. వంగాను. ఇరుసు దగ్గర చెవి పెట్టాను. ఆముదం వాసన. చల్లటి ఇనుము చెంపకు తగిలింది. చప్పుడు దూరం నుంచి రావడం లేదు. గాలిలో రావడం లేదు. ఇక్కడే. నా చెవి కిందే. రాతి మీద రాయి. ఒక చుట్టు. ఆ చుట్టు చివర గాజు కొయ్యకు తగిలింది.

ఒక గాజు కాదు. ముందు ఒకటి, వెంటనే ఇంకొకటి. ఇంత దూరం టిక్ అని ఒకటిగా విన్నది... రెండు.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. భయం వేసిందా అంటే వేసింది. కానీ ఒక్క భయమే కాదు. ఆ చప్పుడు విని అన్ని నెలలైంది. ఆగిపోతుందేమో అని కూడా అనిపించింది. అది ఎవరికి చెప్పినా అర్థం కాదు.

నోరు నా మాట వినకుండానే తెరుచుకుంది.

"చెంగమ్మా" అన్నాను. "పాప దగ్గరికే పోతాండాను. ఆత్మకూరులో ఉండాది. మీ అక్క ఇంట్లో."

చప్పుడు ఆగింది.

సగం చుట్టులో ఆగింది. గర్ అని... అంతే. చివర గాజులు మోగలేదు.

లేచి బండి ఎత్తాను. ఎక్కాను. ఆత్మకూరు దాకా ఇనుప పట్టా చప్పుడు తప్ప ఏమీ వినలేదు. దారిలో ఒక చోట నాకు తట్టింది. చెంగమ్మ పోయాక కదా నేను బిడ్డను పంపింది. పాప ఎక్కడ ఉందో చెంగమ్మకు తెలియదు. ఇప్పటిదాకా.

ఇంకా చీకటి ఉండగానే వదిన ఇల్లు చేరాను. సైకిలును బయట గోడకు ఆనించి తలుపు కొట్టాను. వదిన తీసింది. నా ముఖం చూసి తనే ముందు చెప్పింది.

"ఉండాది. ఉండాదిలే అబ్బయా. లోపలికి రా."

గోడ పట్టుకుని నిలబడ్డాను.

"వాంతులు మాపిటేలే ఆగినాయి. రెండు గుక్కలు గంజి తాగింది. నిద్దరే పట్టట్లా దీనికి. రెండు రాత్రులాయె. అట్ట కళ్లు తెరుచుకోనే ఉండాది."

పెంచలమ్మ చాప మీద ఉంది. కళ్లు పెద్దవయ్యాయి. ముఖంలో ఇంకేమీ లేదు. నన్ను గుర్తుపట్టింది. మందు చుక్కలు నీళ్లలో వేసి పట్టాను. ముఖం చిట్లించింది. చేదుగా ఉందని తెలిస్తే బతుకుతుంది అనుకున్నాను.

"నాయనా, గడగడమంటా వచ్చింది ఏందది?"

"దొర గుర్రం. దానిమీదే వచ్చినా."

"కరస్తాదా?"

"కరవదు."

"తెల్లారినాక ఎక్కిస్తావా?"

"ఎక్కిస్తా."

వదిన నవ్వింది. ఆ ఏడు ఆమె నవ్వడం నేను చూడలేదు. "చూడు, నువ్వు రాంగానే మాటలొచ్చినాయి దీనికి. ఇందాకటిదాకా నేనొక దాన్ని ఉండానని కూడా లేదు."

పాప నా వేలు పట్టుకుంది. కాసేపు అలాగే ఉంది. తర్వాత తల కొంచెం తిప్పింది. గోడ వైపు. ఏదో వింటున్నట్టు.

"అమ్మ ఇసురుతాండాది" అంది.

నేను వదిన వైపు చూశాను. వదిన దీపం వత్తి సరిచేస్తోంది. ఆ ఇంట్లో విసుర్రాయి లేదు. వాళ్లదీ ఎప్పుడో కంకరైంది.

"యాడ తల్లీ?"

"ఆడ."

గోడ అవతల ఉన్నది సైకిలు. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఏమీ లేదు. దీపం చిటపట. వదిన గాజులు... ఆమెకు గాజులు లేవు. భర్త పోయి రెండేళ్లు. ఏమీ లేదు.

పాప పక్కకు తిరిగింది. నా వేలు వదిలేసింది. అరచెయ్యి నేల మీద పరిచి పెట్టుకుంది.

"కూడయినాక లేపు నాయనా."

కళ్లు మూసుకుంది.

వదిన వంగి చూసింది. నోటి మీద చెయ్యి పెట్టుకుని, గొంతు తగ్గించి, "పట్టింది. నిద్దర పట్టింది అబ్బయా. ఇంక గండం గడిచినట్టే" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతోనే.

నేను బయటికి వచ్చాను. సైకిలు ఆనించిన చోటే ఉంది. ముందు చక్రం మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. చెవి పెట్టాను. చప్పుడు లేదు. అక్కడే గోడ పక్కన కూర్చున్నాను. లోపలికి పోతే ఏదో చెడిపోతుందనిపించింది. ఎందుకో చెప్పలేను. తెల్లారేదాకా అక్కడే ఉన్నాను.

తెల్లారింది. లోపలికి వెళ్లాను. పాప అదే పక్కకు తిరిగి ఉంది. చెయ్యి నేల మీద అలాగే ఉంది.

లేపాను.

లేవలేదు.

మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి. ఆ రోజుల్లో ఎవరికీ ఎక్కువసేపు పట్టేది కాదు. తిరిగి వచ్చాక నేను వదిన వాకిట్లో సైకిలు విప్పడం మొదలుపెట్టాను. సీటు తీశాను. పలకలు తీశాను. చక్రాలు తీశాను. ఇరుసులు గుడ్డతో తుడిచి, వేలు పెట్టి లోపలంతా తడిమాను. పగులు కోసం. చిన్న రాయి కోసం. ఏదో ఒకటి.

వదిన గుమ్మంలో కూర్చుని చూస్తోంది.

"ఏంది అబ్బయా ఇది? ఈ పూటనా?"

"లోపం ఉండాల వదినా. యాడనో ఉండాల."

"ఉంటే?"

"ఉంటే చాలు."

ఆమె విప్పి పెట్టిన చక్రాల వైపు చూసింది. తర్వాత అంది, "బేదులతో పోయింది బిడ్డ. ఊళ్లో రోజూ పోతాండారు. దానికీ బండికీ ఏంది?"

నేను దారిలో జరిగింది చెప్పలేదు. ఒక్కటే అడిగాను.

"రాత్రి పాప విన్నానంది గదా. నీకు ఏమన్నా వినపడిందా?"

వదిన నేల మీద దొర్లుతున్న ఒక ఇనుప మర తీసి నా చేతిలో పెట్టింది. నా ముఖం చూడలేదు.

"సుఖంగా పడుకోనింది. అంతవరకే నాకు తెలిసింది. నన్నింకేం అడగబాక."

ఇరుసులో పగులు లేదు. రాయి లేదు. నేను పోసిన ఆముదం మాత్రం ఉంది.

బిగించి, ఉదయగిరికి బయలుదేరాను. పగలే. అదే దారి. ఆగిన చోటల్లా ఆగాను. పల్లంలో కాళ్లు ఎత్తేశాను. దిగి నెట్టాను. వేగంగా తొక్కాను, నెమ్మదిగా తొక్కాను. రమ్మని బతిమాలినట్టే తొక్కాను. రోడ్డు కంకర మీదికి వచ్చాక ఇంకా నిదానం చేశాను. గడగడ తప్ప ఏమీ లేదు.

దొర నా ముఖం చూసి పాప సంగతి అడగలేదు. ఏం చెయ్యాలో తెలియక బండి పట్టుకున్నాడు. నేను చప్పుడు వచ్చిందని మాత్రం చెప్పాను. ఆయన దాన్ని ఒక రోజంతా చూశాడు. ఎక్కి తొక్కాడు. నన్ను ఎక్కించి తాను పక్కన పరిగెత్తాడు. సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"పంతులూ, ఇందు దోషమేమియు లేదు" అన్నాడు. నాకు ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు.

ఆ తర్వాత నాకు వయసు పైబడింది. చాలా చదివాను. ఆకలి మీద ఉన్న మనిషి చెవులు ఏమేమి వింటాయో రాసినవాళ్లు ఉన్నారు. అవన్నీ నిజమే కావచ్చు. అయితే ఆ ముసలామె పాకలో పడుకుని విన్నది ఏమిటో వాళ్లు రాయలేదు. చెంగమ్మ బిడ్డ బాధ చూడలేక నిద్రపుచ్చడానికి వచ్చిందా. తనతో తీసుకుపోవడానికి వచ్చిందా. అసలు ఎవరూ రాలేదా. నేను ఆ దారి మధ్యలో నోరు తెరవకపోతే పాప తెల్లారి సైకిలు ఎక్కేదా. నాకు తెలియదు.

ఇప్పుడు వీధిలో పాత సైకిలు ఏదైనా కిర్రుమంటూ పోతుంటే నేను నిలబడిపోతాను. కొన్నిసార్లు ఆపమంటాను. ముసలాడి చాదస్తమని నవ్వుతారు. అయినా ఆపుతారు. నేను వంగి ఇరుసు దగ్గర చెవి పెడతాను. చక్రం తిప్పమంటాను. ఒక్కదాంట్లో... ఈ ఊళ్లో ఉన్న అన్నిట్లో ఒక్కదాంట్లో ఆ చప్పుడు వినిపిస్తే చాలు. యంత్రాల్లో అలాంటి లోపం ఒకటి ఉంటుందని తేలుతుంది. ఆ రాత్రి నేను మాట్లాడింది ఉత్త దారితోనే అని తేలుతుంది.

ఇంతవరకు వినలేదు.